పాముకాటు మందు ఎందుకు మారలేదు

(యల్లాప్రగడ సుబ్బారావు జయంతి నాడు ఒక ఫార్మసీ కళాశాలలో విశ్రాంత ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, ఈ హాల్లో ఉన్న పిల్లలందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే.

నేను పరిశోధకుణ్ణి కాను. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. మందులు కనిపెట్టిన వాళ్ల గురించి చదివి చెప్పాలి. మందు అందక మనిషి ఎలా ఉంటాడన్నది మాత్రం కళ్లారా చూసినవాణ్ణి. అందుకని అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

డెల్టాలో ఒక చిన్న ఆసుపత్రి. వరి కోతల రోజులు. సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఒకామెను ఆటోలో తీసుకొచ్చారు. నలభై ఏళ్లుంటాయేమో. కుప్ప వేద్దామని పన ఎత్తబోతే, దాని కింద చుట్టుకుని పడుకున్న రక్తపింజరి మడమ మీద కాటేసింది. ముందు పసరు కట్టించారు, అక్కడ రెండు గంటలు పోయాయి. కాలు మోకాలి దాకా వాచింది. చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది.

డాక్టరు గారు గాజు ట్యూబు అడిగారు. ప్లాస్టిక్‌ది పనికిరాదు, గాజుదే కావాలి. అది కడిగి, పొడిగా ఉండాలి. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి అందులో పోసి, స్టాండులో నిలబెట్టి, ఇరవై నిమిషాలు ఎవరూ ముట్టుకోకుండా వదిలేయాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. మంచి రక్తమైతే పెరుగు తోడుకున్నట్టు గడ్డకట్టి కదలదు. ఆమె రక్తం నీళ్లలా జారిపోయింది. ఈ పరీక్షకు మిషను అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఆ ట్యూబు వంచిన క్షణంలో విషం రక్తానికి ఎక్కిందన్న సంగతి గదిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిపోతుంది.

నేను స్టోరు తాళం తీశాను. ఏఎస్‌వీ, అంటే పాము విషానికి విరుగుడు మందు, ఆరు వయల్సే, అంటే ఆరు చిన్న సీసాలే ఉన్నాయి. మొదటి విడతకే పది కావాలి. ఉన్న ఆరూ తెచ్చి కలపడం మొదలుపెట్టాను. మీలో కొందరికి తెలుసు, వయల్లో తెల్లటి పొడి ఉంటుంది. పది మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఊపకూడదు, ఊపితే నురగొస్తుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి, కవ్వం తిప్పినట్టు మెల్లగా తిప్పుతూ పొడి కరిగే దాకా ఆగాలి. ఆమె కూతురు నా చేతుల వంకే చూస్తోంది. పదిహేనేళ్ల పిల్ల. "గట్టిగా ఊపండి బాబుగారూ, తొందరగా కలుస్తుంది" అంది. గట్టిగా ఊపకూడదమ్మా అని ఆ పిల్లకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

పక్క పట్నం నుంచి ఇంకో ఎనిమిది తెప్పించాం. ఆమె బతికింది. కానీ మూత్రపిండాలు దెబ్బతిని మూడు వారాలు డయాలసిస్ మీద ఉంది. ఆ ఏడాది ఇంక పనికి వెళ్లలేదు.

ఇప్పుడు ఆ తెల్ల పొడి సంగతి చెప్తాను. తమిళనాడులో మహాబలిపురం దగ్గర వడనెమ్మేలి అనే చోట ఇరుల తెగవాళ్ల సహకార సంఘం ఉంది. 1978లో పెట్టుకున్నారు. వాళ్లు పాముల్ని పట్టి విషం పిండుతారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషం. దాన్ని కంపెనీలు కొంటాయి. కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తారు. గుర్రం ఒంట్లో విరుగుడు తయారవుతుంది. ఆ గుర్రం రక్తంలోంచి ప్లాస్మా తీసి, శుద్ధి చేసి, పొడిగా మార్చి సీసాలో పెడతారు. హైదరాబాద్‌లో విన్స్ కంపెనీ చేసేదీ ఇదే పద్ధతిలో. ఇంతా చేసి ఆ మందు వల్ల కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం జరుగుతుంది. గుర్రం ప్రొటీను మన ఒంటికి పరాయిది కదా. అందుకే పక్కన అడ్రినలిన్ ఇంజెక్షను నింపి పెట్టుకుని గానీ మేం ఏఎస్‌వీ మొదలుపెట్టం. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక ప్రాంతపు పాము విషానికీ ఇంకో ప్రాంతపు పాము విషానికీ తేడా ఉంటుందని, ఒకే చోటి విషంతో చేసిన మందు దేశమంతా ఒకేలా పనిచేయడం లేదని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కార్తీక్ సునగర్ బృందం చూపించింది.

గుర్రం పద్ధతి ఎప్పటిదో తెలుసా? ఆల్బర్ట్ కాల్మెట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1890ల్లో మొదలుపెట్టింది. క్షయ టీకా బీసీజీలో 'సీ' అక్షరం ఆయన పేరుదే. ఆ టీకా మొదట వేసింది 1921లో. నూరేళ్లు దాటినా పాముకాటుకు ఆయన చూపిన పద్ధతే, క్షయకు ఆయన టీకాయే. ఈ మధ్యలో సైన్సు ఆగిపోయిందా? మనిషి చంద్రుడి మీదికి వెళ్లొచ్చాడు. క్యాన్సరుకు, కీళ్లవాతానికి గుర్రంతో పనిలేకుండా ల్యాబ్‌లోనే యాంటీబాడీలు, అంటే విరుగుడు ప్రొటీన్లు తయారుచేసి అమ్ముతున్నారు. ఆ విద్య పాముకాటు దగ్గరికి ఎందుకు రాలేదు?

పాముకాటు అరుదైన విషయం కాదు పిల్లలూ. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఏడాదికి సగటున 58,000 మంది. ఎక్కువమంది పల్లెల్లో, వానాకాలంలో చనిపోయారు.

మీరు ఒక మందుల కంపెనీ అధిపతి కుర్చీలో కూర్చున్నట్టు ఊహించుకోండి. మీ ముందు రెండు ఫైళ్లున్నాయి. ఒకటి బీపీ మాత్ర. వేసుకునేవాడికి జీతం వస్తుంది, ఇన్సూరెన్సు ఉంటుంది, నలభయ్యో ఏట మొదలుపెడితే డెబ్భై దాకా రోజూ ఉదయం కాఫీ తాగిన వెంటనే వేసుకుంటాడు. రెండోది పాము విషానికి కొత్త విరుగుడు. కాటు పడేవాడు కూలీ, కౌలు రైతు, పశువుల కాపరి. జీవితంలో ఒక్కసారి, అది కూడా ఖర్మ కాలితే. వాడు డబ్బు కట్టలేడు కాబట్టి కొనాల్సింది ప్రభుత్వం. ప్రభుత్వం టెండరు పిలిచి అందరికంటే తక్కువ ధర చెప్పినవాడికి ఇస్తుంది. మీరు ఏ ఫైలు తెరుస్తారు? రెండోదాన్ని తెరిచినవాణ్ణి వాటాదారులు ఆ కుర్చీలో ఉంచరు. అక్కడ కూర్చున్న మనుషులు దుర్మార్గులని నేననను. నాకు తెలిసిన వాళ్లలో మంచివాళ్లున్నారు. కానీ ఆ కుర్చీ లెక్క అది. మనం అనుకుంటాం, ఏ మందు కనిపెట్టాలన్నది ల్యాబ్‌లో తేలుతుందని. నిజానికి ఎవరు కొంటారన్న ప్రశ్నకు జవాబు దొరికాకే ల్యాబ్ తలుపు తెరుచుకుంటుంది.

ఉన్న మందు కూడా ఈ లెక్కకు నిలబడదు. ఆఫ్రికాలో పది రకాల పాములకు పనిచేసే ఫావ్-ఆఫ్రిక్ అనే మందు ఉండేది. సనోఫీ కంపెనీది. చవక మందుల పోటీలో గిట్టడం లేదని 2014లో తయారీ ఆపేశారు. మిగిలిన చివరి నిల్వలకు 2016 జూన్‌తో గడువు తీరిపోయింది. మందు పనిచేయక ఆగిపోలేదు. బాగా పనిచేస్తూ ఉండగానే ఆగిపోయింది.

దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టిన కథ ఇంకోటుంది. అది కూడా ఆఫ్రికాదే. కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

అక్కడ నిద్ర జబ్బు అని ఒకటుంది. సెట్సీ అనే ఈగ కుడితే వస్తుంది. క్రిమి ముందు రక్తంలో, తర్వాత మెదడులో చేరుతుంది. మనిషి రాత్రి మేలుకుని పగలు నిద్రపోతాడు, పిచ్చిగా మాట్లాడతాడు, చివరికి లేవకుండా పోతాడు. మెదడుకు చేరాక దానికి చాలాకాలం ఉన్న మందు మెలార్సొప్రాల్. ఆర్సెనిక్‌తో చేసింది. ఆర్సెనిక్ అంటే పాషాణం. ఇంజెక్షను ఇస్తే నరం భగ్గున మండుతుంది. ఆ మందు తీసుకున్న ప్రతి ఇరవై మందిలో సుమారు ఒకరు మందు వల్లనే చనిపోయేవారు. వేరే దారి లేక అదే ఇచ్చేవారు. ఆ డాక్టరు పరిస్థితి ఊహించండి. చేతిలో సిరంజి పట్టుకుని, ఈ ఇరవై మందిలో ఎవరన్నది తెలియకుండా ఇవ్వాలి.

అలాంటి సమయంలో ఎఫ్లోర్నిథిన్ వచ్చింది. క్యాన్సరుకు పనికొస్తుందేమోనని తయారుచేశారు, దానికి పనికిరాలేదు. నిద్ర జబ్బుకు అద్భుతంగా పనిచేసింది. స్పృహ తప్పి పడి ఉన్నవాళ్లు లేచి కూర్చున్నారు. చచ్చినవాణ్ణి లేపే మందని పేరొచ్చింది. 1990లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది. ఐదేళ్లు తిరక్కుండానే తయారీ ఆగిపోయింది. కొనేవాళ్లు కాంగోలో, సూడాన్‌లో, ఉగాండాలో అడవి పల్లెల వాళ్లు. మళ్లీ ఆర్సెనికే గతి.

2000లో అదే ఎఫ్లోర్నిథిన్‌కు అమెరికాలో ఇంకో అనుమతి వచ్చింది. దేనికనుకున్నారు? ఆడవాళ్ల ముఖం మీద అవాంఛిత రోమాలు తగ్గించే క్రీముకి. ఆ ఇబ్బంది చిన్నదని నేననను. అది పడే ఆడపిల్లకు అది పెద్దదే. కానీ ప్రాణం పోయేవాడికి దొరకని అణువు ముఖానికి రాసుకునేవాళ్లకు దొరికింది. జబ్బు మారలేదు, రసాయనం మారలేదు, కొనేవాడు మారాడంతే. మెదసాన్ సాన్ ఫ్రాంతియేర్ అనే వైద్యుల సంస్థ దీని మీద పెద్ద గొడవ చేసింది. చివరికి 2001లో అప్పటి అవెంటిస్ కంపెనీ ప్రపంచ ఆరోగ్య సంస్థతో ఒప్పందం చేసుకుని ఆ మందును మళ్లీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ గొడవ జరక్కపోతే ఏమయ్యేదో!

ఇది ఒక్క మందు కథే కదా అంటారేమో. 1975 నుంచి 1999 వరకు పాతికేళ్లలో ప్రపంచ మార్కెట్లోకి 1,393 కొత్త మందులు వచ్చాయి. ఉష్ణదేశాల జబ్బులకీ క్షయకీ కలిపి వచ్చినవి 16. లాన్సెట్ అనే వైద్య పత్రికలో 2002లో ఈ లెక్క అచ్చయినప్పుడు నేను స్టోరులో కూర్చుని ఆ రెండంకెల్నీ కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూశాను.

యాంటీబయాటిక్స్ విషయంలో లాభం లెక్క ఇంకో రకంగా అడ్డం తిరుగుతుంది. ఇక్కడ రోగి పేదవాడే కానక్కర్లేదు. కొత్త యాంటీబయాటిక్ వస్తే దాన్ని దాచుకుని వాడాలి, ఎడాపెడా వాడితే క్రిములు దానికీ అలవాటుపడిపోతాయి. అంటే ఎంత తక్కువ అమ్ముడుపోతే సమాజానికి అంత మంచిది, కంపెనీకి అంత నష్టం. అకావోజెన్ అనే అమెరికా కంపెనీ మొండి క్రిములకు ప్లాజోమైసిన్ తయారుచేసింది. 2018 జూన్‌లో అనుమతి వచ్చింది. 2019 ఏప్రిల్‌లో కంపెనీ దివాలా తీసింది. బ్రిటన్‌లో దీనికొక ఉపాయం చేశారు. మందు ఎంత వాడినా, వాడకపోయినా ఏటా ఇంత అని కంపెనీకి కట్టేస్తారు. ఊళ్లో అగ్నిమాపక కేంద్రానికి ఎన్ని ఇళ్లు కాలాయని లెక్కగట్టి జీతాలివ్వం కదా, అలాగన్నమాట.

ఇవాళ ఎవరి జయంతికి వచ్చామో ఆయన దగ్గరికి వద్దాం. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములిద్దరు తిన్నది ఒంటికి పట్టనివ్వని స్ప్రూ అనే పేగుల వ్యాధితో ఎనిమిది రోజుల తేడాలో పోయారు. తర్వాత అమెరికాలో ఆయన బృందం చేసిన ఫోలిక్ యాసిడ్ పని ఆ రోగులకే ప్రాణం పోసింది. అవన్నీ మీకు తెలుసు, ఇందాక అమ్మాయి చక్కగా చదివింది. నేను చెప్పదలచుకున్నది డీఈసీ మాత్ర గురించి. బోదకాలు మాత్ర. ఆయన నడిపిన లెడర్లీ ల్యాబ్‌లో 1940ల్లో కనిపెట్టారు.

మన గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎప్పట్నుంచో ఉంది. ఏనుగు కాలేసుకుని నడిచే మనిషి లేని ఊరు నా చిన్నప్పుడు లేదు. మరి ప్రపంచానికి దాని మందు అప్పుడే ఎందుకు అవసరమైంది? రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో దిగిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. దాంతో మందు కోసం వేట మొదలైంది. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త చేతుల మీదుగానే వచ్చినా, భీమవరం కాళ్ల కోసం మాత్రం ఆ వేట మొదలవలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది, గర్వంగానూ ఉంటుంది. ఇప్పటికీ ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి ఆ మాత్రలు పంచుతారు. నేనూ తిరిగాను. "తర్వాత వేసుకుంటాం లెండి" అని కొంగున ముడేసుకునేవారు. నా ముందే మింగమ్మా అని నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడేవాణ్ణి.

అంటే ఎవరో ఒకరు ముందుగా "ఇది మాకు కావాలి, ఖర్చు మేం భరిస్తాం" అంటే సైన్సు కదులుతుంది. అప్పుడన్నది సైన్యం. ఆ మాట యుద్ధం లేకుండా కూడా అనొచ్చని మన దగ్గరే రుజువైంది. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసిపిల్లల్లో ఒక రకం రోటావైరస్ కనబడింది. మామూలుగా రోటావైరస్ పిల్లలకు విరేచనాలు పట్టించేది. అది సోకిన పిల్లలకు విరేచనాలు పట్టుకోలేదు, పైగా తర్వాత రక్షణ వచ్చింది. డాక్టర్ ఎం.కె. భాన్ దాన్ని వదల్లేదు. దాన్నుంచి టీకా చేయడానికి కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, విదేశీ దాతలు, హైదరాబాద్ భారత్ బయోటెక్ కలిశారు. పరీక్షల ఖర్చులో పెద్ద భాగం ప్రజల డబ్బు, దాతల డబ్బు. దానికి బదులుగా కంపెనీ డోసు ఒక డాలరుకే ఇస్తామని ఒప్పుకుంది. అప్పట్లో ప్రైవేటులో విదేశీ రోటా టీకా డోసు వెయ్యి రూపాయల పై మాటే. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసివాళ్ల మీద పరీక్షించారు. 2016లో ప్రభుత్వ టీకాల్లో చేర్చిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఐదు చుక్కలు, మూడుసార్లు. ధర ఎంతో, ఎవరికి మందో ముందే మాట్లాడుకున్నారు. నాకు తెలిసినంతలో ఇదే దారి. కంపెనీని తిట్టుకుంటూ కూర్చుంటే మందు రాదు, దాని దయ మీద వదిలేసినా రాదు.

నిద్ర జబ్బు కథ కూడా చివరికి ఇలాగే మారింది. ఫెక్సినిడజోల్ అనే అణువును ఒక కంపెనీ 1980ల్లో అటకెక్కించింది. 2003లో పెట్టిన డీఎన్‌డీఐ అనే లాభాపేక్ష లేని సంస్థ పాత కాగితాలు తిరగేసి దాన్ని కిందికి దించింది. తయారీ బాధ్యత సనోఫీ తీసుకుంది. 2018లో అనుమతి వచ్చింది. పది రోజుల మాత్రలు, సూది అక్కర్లేదు. 1998లో ఆ జబ్బు కేసులు దాదాపు 40,000 నమోదయ్యేవి. ఊరూరా తిరిగి పరీక్షలు చేసి, ఎఫ్లోర్నిథిన్ లాంటి మందులు అందించగా 2018కి వెయ్యి లోపుకు వచ్చాయి. ఏళ్ల తరబడి అటక మీద ఉన్న మాత్ర గురించి ఎక్కువ ఆలోచించకండి, నిద్ర పట్టదు. ఇంకా అటక మీద ఏమున్నాయో మనకు తెలియదు.

పాముల దగ్గరికి మళ్లీ వస్తాను. గుండెజబ్బుకు పనికిరాదని వదిలేసిన వరెస్ప్లాడిబ్ అనే అణువు పాము విషంలోని ఒక ముఖ్యమైన ఎంజైమును అడ్డుకుంటుందని తేలింది. అది మాత్రగా ఇవ్వొచ్చు. మన దేశంలోనూ అమెరికాలోనూ రోగుల మీద పరీక్షించారు. ఆసుపత్రికి వచ్చేలోగా పొలం గట్టు మీదే ఒక మాత్ర మింగించగలిగితే, నా ముందుకొచ్చిన ఆవిడకు ఆ రెండు గంటలు కలిసొచ్చేవి. సునగర్ బృందం, అమెరికా స్క్రిప్స్ సంస్థ కలిసి గుర్రంతో పనిలేని యాంటీబాడీ ఒకటి తయారుచేసి 2024లో ప్రచురించారు. ఎలుకల మీద పనిచేసింది. ఇక్కణ్ణుంచి వయల్ దాకా రావాలంటే కోట్లు కావాలి. ఆ కోట్లు ఎవరు పెడతారన్న ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగడానికి లెక్క కావాలి. పసరు కట్టించుకుని ఇంట్లోనే పోయినవాడు ఏ రిజిస్టరులోనూ ఎక్కడు. లెక్కలో లేనివాడు ఏ కంపెనీకీ, ఏ బడ్జెట్టుకీ కనపడడు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2024 మార్చిలో కేంద్రం ఒక జాతీయ ప్రణాళిక తెచ్చింది, 2030కల్లా మరణాలు సగానికి తగ్గించాలని. ప్రతి పాముకాటునూ తప్పనిసరిగా నమోదు చేయమని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలకు రాసింది. రేపు మీలో సగం మంది ఆసుపత్రుల్లో, మెడికల్ షాపుల్లో ఉంటారు. కాటు కేసు వచ్చినప్పుడు ఏ ఊరు, ఏ పాము, ఎంతసేపటికి వచ్చారు, ఎన్ని వయల్స్ పట్టాయి అన్నది రాయండి. స్టాకు రిజిస్టరులో ఎన్ని ఖర్చయ్యాయన్నది ఒక్కటీ రాసి సరిపెట్టుకున్న తప్పు నేను చాలా ఏళ్లు చేశాను.

మీ ల్యాబ్‌లో గడువు తీరిన ఏఎస్‌వీ వయల్ ఒకటి ఉందంటే తెప్పించాను, ఇదిగో. పక్కన డిస్టిల్డ్ వాటర్ ఉంది. మీలో ఒకరు ముందుకొచ్చి, ఊపకుండా అరచేతుల మధ్య తిప్పి కలపండి. మిగతావాళ్లు గడియారం చూడండి.